ఏది ముందు, ఏది వెనుక?

మొన్నటి దసరా సెలవులలో ఒకనాటి మధ్యాహ్నము మా యింటి నడవలో కడప బండలమీద 22 కాగితపు ముక్కలను పఱచుకొని, వానిని ముందునకును వెనుకకును జరుపుచు మేము కూర్చుండి యుంటిమి. పొరుగింటి పెద్దలొకరు లోనికి వచ్చి చూచి, "అయ్యవారు ఈ వయసులో పేకాట నేర్చినారా?" అని నవ్విరి. పేకాట కాదనియు, ఒక పుస్తకమున కధ్యాయముల వరుస కట్టుచున్నామనియు మనవి చేసితిమి. "పుస్తకము వ్రాసినవానికి వరుస తెలియదా? దానికి మఱియొకరు కావలయునా?" అని వారు మరల నడిగిరి. మేమేమో చెప్పి తప్పించుకొంటిమి గాని, ఆ ప్రశ్న యానాడంతయు మమ్ము విడువలేదు. వ్రాసినవానికి తెలిసిన వరుస యొకటి, చదువువానికి కావలసిన వరుస మఱియొకటి. ఈ రెంటికి నడుమనున్న దూరమెంతో, ఆ దూరమువలన లోకమున కెట్టి కీడు వాటిల్లగలదో చదువరులకు విన్నవించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

పుస్తకము మాది కాదు. మాయొద్ద పదవ తరగతివఱకు చదివి, ఇపుడు బెంగుళూరున కంప్యూటరు కొలువులోనున్న శిష్యుడొకడు దానిని వ్రాసెను. డేటాబేసును నడుపుట యెట్లో పాఠశాలల గుమాస్తాలకును, సహకార సంఘముల లెక్కలవారికిని, గ్రంథాలయములవారికిని తెలుగున బోధించు కరదీపిక యది. డేటాబేసనగా నేమో యెఱుగనివారికి రెండు మాటలు చెప్పెదము. వెనుకటి గ్రామకరణము కవిలె కట్టలలో ఏ రైతున కే సర్వే నంబరున నెంత భూమి కలదో వ్రాసి యుంచెడివాడు. అడిగినపుడు కట్ట విప్పి, వెదకి, చెప్పెడివాడు. ఆ కట్టయు, వెదకుటయు, చెప్పుటయు నన్నియు యంత్రమునకు నేర్పినచో నది డేటాబేసగును. సమాచారము నడ్డు వరుసలును నిలువు వరుసలును గల పట్టికలుగా నమర్చి, పట్టికకు పట్టికకు సంబంధము కల్పించు పద్ధతిని 1970 వ సంవత్సరమున ఎడ్గార్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించెను. నేడు బ్యాంకులును, రైలు టిక్కెట్టులును, భూమి రికార్డులును చాలవఱకా పద్ధతిమీదనే నడచుచున్నవి.

మా శిష్యుని వ్రాత నిర్దుష్టముగనే యున్నది. తప్పు వరుసలో నున్నది. మొదటి యధ్యాయమున ఆ సాఫ్ట్‌వేరు యొక్క పుట్టుపూర్వోత్తరములు. రెండవదానియందు సమాచారము డిస్కుపై నే యాకారమున నిలుచునో ఆ వర్ణనము. మూడవదానియందు జ్ఞాపకశక్తి యొక్క విభాగములు. పట్టిక నొకదానిని తయారు చేయుట యెట్లో తెలియవలెనన్న నేడవ యధ్యాయమునకు పోవలయును. "ఇట్లేల వ్రాసితివి నాయనా?" అని యడిగితిమి. "పునాది లేకుండా గోడ ఎట్లా లేస్తుంది అయ్యవారూ? కట్టిన వరుసలోనే చెప్పినాను" అనెను. కట్టువానికి పునాది ముందు, నిజమే. కాని యింటికి వచ్చిన చుట్టమును పునాది గుండ లోనికి పిలుచువా డెవడును లేడు. గడప గుండనే పిలుతురు. కాళ్లు కడుగుకొన నీళ్లిచ్చి, కూర్చుండ చోటు చూపి, పిమ్మట కావలసినచో పునాది యెంత లోతు త్రవ్వితిమో చెప్పుదురు.

ఈ తగవు మాకు క్రొత్తది కాదు. సంస్కృత వ్యాకరణము చదివిన ప్రతివానికిని ఇది పాత తగవే. పాణిని యష్టాధ్యాయియందు 8 అధ్యాయములు, అధ్యాయమునకు నాలుగేసి చొప్పున 32 పాదములు, సుమారు 4,000 సూత్రములు కలవు. అందు సూత్రముల వరుస కేవలము సౌకర్యమునకై యేర్పడినది కాదు. ఒక సూత్రమున చెప్పిన పదము క్రింది సూత్రములలోనికి తనంతట తానే ప్రవహించి వచ్చును. ఒకే చోట రెండు సూత్రములు పోటీపడినపుడు, సాధారణముగా వెనుక చెప్పినది గెలుచును. తుది మూడు పాదములలోని కార్యములు ముందటి సూత్రములకు కానరానివే యగును. కావున వరుసయే యచట సగమర్థము. అంత చక్కని పొదుపు మఱియొక శాస్త్రమున చూడలేదని చెప్ప సాహసింతుము. అయినను పన్నెండేండ్ల బాలుని యొడిలో నా గ్రంథము నుంచి చదువుమన్నచో వాడేమి చేయగలడు? 'రామః' అను నొక్క పదమును సాధింపవలెనన్న సంజ్ఞలకై మొదటి యధ్యాయమునకును, విభక్తి ప్రత్యయములకై నాల్గవదానికిని, తుద నున్న సకారము విసర్గమగుటకై యెనిమిదవదానికిని పరుగెత్తవలయును.

ఈ కష్టమును చూచియే పదునేడవ శతాబ్దమున భట్టోజిదీక్షితులు సిద్ధాంతకౌముదిని రచించెను. సూత్రములు పాణినివే, ఒక్క యక్షరమైనను మార్పలేదు. వరుస మాత్రము మార్చెను. సంధి నేర్వగోరువానికి సంధి సూత్రములన్నియు నొకచోట, శబ్దములు నేర్వగోరువానికి శబ్ద సూత్రములన్నియు నొకచోట నుంచెను. రామచంద్రుని ప్రక్రియాకౌముది యీ త్రోవను ముందే త్రొక్కియుండెను. దీక్షితుల శిష్యుడగు వరదరాజు ఇంకొక యడుగు ముందునకు వేసి, ఆ సూత్రములలో మూడవ వంతుకంటె తక్కువ మాత్రము గ్రహించి, బాలురకై లఘుకౌముదిని సమకూర్చెను. మేమును దానితోనే మొదలుపెట్టితిమి. అయిననేమి? కౌముది మాత్రమే చదివినవానికి ఏ సూత్రము పాణిని వరుసలో నెచట నున్నదో తెలియదు గనుక, రెండు సూత్రములు పోటీపడినపుడు వాడు తడబడును. అందుచేతనే కౌముది ముద్రణములలో ప్రతి సూత్రము ప్రక్కను దాని యష్టాధ్యాయి సంఖ్యను వేయుదురు. ఒకే విషయమునకు రెండు వరుసలు కావలెననియు, ఒకదానినుండి మఱియొకదానికి పోవుటకు త్రోవ చూపవలెననియు మన పూర్వులీ విధమున తెలిసికొనిరి.

శాస్త్రగ్రంథము నారంభించునపుడు నాలుగు ప్రశ్నలకు బదులు చెప్పవలెనను మర్యాదయు మనకు కలదు. విషయమేమి? ప్రయోజనమేమి? గ్రంథమునకును విషయమునకును సంబంధమేమి? దీనిని చదువుట కధికారి యెవడు? మొదటి మూడింటిని ప్రతి రచయితయు తలచును. నాల్గవదానిని మఱచును. అధికారి యనగా నచట గొప్పవాడని యర్థము కాదు. ఈ గ్రంథ మెవనికై పుట్టినదో వాడు. మా శిష్యుని 22 ముక్కలలో నొక్కదానిపైనను ఆ యధికారి ముఖము మాకు కానరాలేదు.

ఈ విషయమున మా సీమకు నూఱేండ్లకు మించిన యొక నిదర్శనము కలదు. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820 లో కడపకు ఉద్యోగియై వచ్చెను. వ్రాతప్రతులను సేకరించి, జీతములిచ్చి పండితులను కూర్చి, ఒకే కావ్యమునకు దొరకిన ప్రతులను పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఆ సంపదలో పెద్ద భాగము పిమ్మట చెన్నపురి ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమును చేరినది. కడపలోని యెఱ్ఱముక్కపల్లెలో, ఆయన బంగళా యుండిన తావున, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలవలన గ్రంథాలయము వెలసినది. మేము కడపకు పోయినపుడెల్ల నచట నొక పూట గడపుట వాడుక.

బ్రౌను తెలుగు నేర్చినది గాక నేర్పదలచెను. అపుడాయన చేసిన పనిని గమనింపుడు. తనకు తెలిసినదంతయు నొకే గ్రంథమున కుమ్మరింపలేదు. వ్యాకరణమును 1840 లో వేఱుగా ప్రకటించెను. నిఘంటువులను వేఱుగా కూర్చి, 1852 మొదలుకొని వెలువరించెను. ఉత్తరములు, అర్జీలు, పోలీసు, రెవిన్యూ వ్యవహారములు గల తెలుగు వాచకమును వేఱొక పుస్తకముగా 1852 లోనే యిచ్చెను. తెలుగున కలిసిపోయిన యన్యదేశ్య పదములకును, మిశ్రభాషకును 1854 లో మఱియొక నిఘంటువును ప్రత్యేకించెను. కచ్చేరిలో నర్జీ చేతికి వచ్చిన యుద్యోగికి కావలసినది వాచకము. ఒక్క పదమున కర్థము కావలసినవానికి నిఘంటువు. ఈ రూపమిట్లేల యయ్యెనని ప్రశ్నించువానికి వ్యాకరణము. ఒక్క భాషకే మూడు ద్వారములు. ఏ ద్వారమున నెవడు వచ్చునో యాయన యెఱుగును.

కంప్యూటరు గ్రంథములయందును ఈ వివేకము లేకపోలేదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను డేటాబేసు కలదు. 1986 లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున మైకేల్ స్టోన్‌బ్రేకర్ ఆధ్వర్యమున మొదలైన ప్రయత్నమునుండి యది పుట్టినది. 1996 లో నేటి పేరు దాల్చినది. ఎవరైనను వెల లేక పొందవచ్చును; దాని గ్రంథమును నట్లే చదువవచ్చును. ఆ గ్రంథము మిక్కిలి పెద్దది. కాని దానిని భాగములుగా విభజించిన తీరు మెచ్చదగినది. మొదట మూడే మూడు చిన్న యధ్యాయముల పాఠమాల. పిమ్మట ప్రశ్నలడుగు భాషకొక భాగము. యంత్రమును కాపాడువారికొక భాగము. ఇతర ప్రోగ్రాములనుండి దానితో మాటలాడువారికొకటి. దానికి క్రొత్త శక్తులు కూర్చువారికొకటి. ఆజ్ఞల నన్నిటిని వరుసగా చూపు కోశమొకటి. లోపలి నిర్మాణ మెట్టిదో తెలుపునది వీని వెనుక, అనుబంధములకు ముందు. మా శిష్యుడు రెండవ యధ్యాయమున పెట్టిన విషయమును వారు చిట్టచివరి భాగమున పెట్టిరి!

ఆ పాఠమాలలో నుదాహరణముగా గైకొన్న పట్టిక వాతావరణ పట్టిక. ఊరి పేరు, కనిష్ఠోష్ణము, గరిష్ఠోష్ణము, కురిసిన వాన, తేదీ, ఇంతియే. రాయలసీమ వారికి వానలెక్కకంటె తేలికగా నర్థమగు లెక్క యేది? ఒక వరుసలో వాన 0.25 అని యున్నది. మఱియొక వరుసలో 0 అని యున్నది. మూడవ వరుసలో నా గడి ఖాళీగా నున్నది. సున్నయనగా వాన కురియలేదని. ఖాళీయనగా వాన సంగతి తెలియదని. ఈ రెంటికిని భేదము కలదని మొదటి పాఠములలోనే బాలునికి గోచరించును. కఱవు మండలముల లెక్క కట్టునపుడు వాన పడలేదనుటకును, కొలువలేదనుటకును ఎంత యంతరమో మా జిల్లాల రైతు నడుగుడు.

డానియెలె ప్రోసిడా యను నాతడు ఇట్టి గ్రంథములను నాలుగు తెగలుగా విభజించి చూపెను: చేయి పట్టుకొని నేర్పు పాఠము; ఒక పనిని నెఱవేర్చు విధానము; వెదకికొను కోశము; ఏలయని వివరించు వ్యాఖ్యానము. ఈ నాలుగింటిని కలగాపులగము చేయరాదని యాతని వాదము. మేమును సమ్మతింతుము. కాని యీ విభజన మెంత చక్కనిదైనను, ఏది ముందు ఏది వెనుక యను ప్రశ్నకు మాకు బదులు దొరకినది గ్రంథములలో కాదు. మా బడిలో జరిగిన యొక యనర్థమున దొరకినది. సిగ్గు విడిచి దానిని చెప్పెదము.

మా పాఠశాల ప్రవేశపు రిజిస్టరును కొన్నేండ్ల క్రిందట కంప్యూటరులోని కెక్కించిరి. ఏ సాఫ్ట్‌వేరో, ఎవరమ్మినదో యిచట ననవసరము. ఇంగ్లీషు వచ్చినవాడనని దాని భారము మామీద పడినది. దానితోడ నాఱువందల పుటల యింగ్లీషు మాన్యువలు వచ్చినది. ఉపాధ్యాయుని వాడుక చొప్పున మేము మొదటి పుటనుండి చదువ నారంభించి, పాఠములకు నడుమ తీరిక దొరకినంత చదివి, తొమ్మిదవ యధ్యాయము చేరితిమి. 2023 వేసవిలో నా యంత్రము చెడినది. నకలు తీసి యుంచుట, నకలునుండి మరల నెక్కించుట యను విషయములు 31 వ యధ్యాయమున, మాకేమియు బోధపడని పెద్ద పేరు క్రింద దాగియున్నవని యంతయు పోయిన పిమ్మట తెలిసినది. పాత కాగితపు రిజిస్టరు నప్పటికే చెదలు తినియుండెను.

ముద్రించి యుంచిన జాబితాలనుండి పేర్లను మరల కూర్చితిమి. 41 మంది పిల్లల పుట్టిన తేదీలు మాత్రము దొరకలేదు. ఆ గడిని ఖాళీగా విడుచుటకు యంత్ర మొప్పుకొనలేదు. ఒప్పించు నుపాయము కలదు. అదియు వేఱొక యధ్యాయమున నున్నది. బడి తెఱచు దినము సమీపించుటచే, గుమాస్తా మమ్మడిగి, ఆ 41 మందికిని 2007 జూను 1 అని యొకే తేదీ వేసెను. "తరువాత దిద్దుకొందము" అని మేమే యంటిమి. దిద్దలేదు.

2025 మే నెలలో నొక యువకుడు మా యింటికి వచ్చి, తొమ్మిదవ తరగతి ముగించిన తన యక్క కూతునకు పుట్టినతేదీ ధ్రువపత్రము కావలెనని యడిగెను. ఆ బాలిక తల్లిదండ్రులు వాన లేని యేండ్లలో గుంటూరు మిరప కోతలకు వలసపోవువారు. బాలిక మాతామహి యొద్ద పెరిగినది. పత్రమును చూచి యాతడు సంతోషించి, "జూను ఒకటికి పద్దెనిమిది నిండుతాయి గదా సార్! ఆధారులో కూడా ఇట్లే దిద్దించుకుంటాం" అనెను. ఎందులకని యడుగగా పెండ్లికనెను. వరుడెవరనగా తానే యనెను. కలము మా చేతిలోనే యున్నది; ప్రధానోపాధ్యాయులు సెలవుపై నుండుటచే సంతకము మాదే. 2007 జూను 1 అను మాట కంటబడగానే మా గుండె ఝల్లుమన్నది. ఆ తేదీ ఆ పిల్లది కాదు. అది మా సోమరితనపు తేదీ.

సంతకము చేయక, మఱునాడు రమ్మని పంపి, ఆ సాయంకాలమే యా పల్లెకు పోయితిమి. అవ్వ యరుగుమీద కూర్చుండి వేరుసెనగకాయ లొలుచుచున్నది. పిల్ల యెప్పుడు పుట్టినదని యడిగితిమి. "తేదీలు నాకేం తెలుసు అయ్యవారూ? తుంగభద్ర కర్నూల్లోకి వచ్చిందే, ఊరంతా మునిగిందే, ఆ మునిగిన రెండోదినం పుట్టింది మా పాప. మంత్రసాని రాడానికి దారి గూడా లేకపాయె" అనెను. తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలును ముంచినది 2009 అక్టోబరు 2 వ తేదీన. ఆ లెక్కన బాలికకు పదునాఱేండ్లైనను నిండలేదు. మఱునాడు ఆ పల్లె ప్రాథమిక పాఠశాలలో ఎఱ్ఱ గుడ్డ అట్ట వేసిన పాత రిజిస్టరున 4-10-2009 అని యామె పేరున కెదురుగా నీలిసిరాతో వ్రాసియుండుట మా కన్నులార చూచితిమి. అవ్వ లెక్క యొక్క దినమైనను తప్పలేదు. యంత్రము లెక్క రెండేండ్లు దాటి తప్పినది.

బాల్యవివాహ నిషేధ చట్టము 2006 లో నేర్పడినది. కన్యకు పదునెనిమిది, వరునకు ఇరువదియొకటి నిండవలెనని దాని విధి. 2015 నాటి బాలన్యాయ చట్టము వయస్సును నిర్ణయించునపుడు పాఠశాల ధ్రువపత్రమును ముందువరుసలో నుంచినది. మా సంతకమున కంతటి బలము కలదు. చట్టము బాలికను కాపాడుట కిచ్చిన బలమే యామెను బంధించుట కక్కఱకు వచ్చి యుండెడిది. ఆ పెండ్లి యాగినది. ఊరివారు కొందఱు మమ్ము నిందించిరి. ఆ మేనమామ యిప్పటికిని మాతో మాటలాడడు. బాలిక పదవ తరగతిలో చేరినది. మేమును గుమాస్తాయు నా వేసవి యంతయు పల్లెపల్లెకు తిరిగి, 41 మందిలో 38 మంది తేదీలను దిద్దితిమి. ముగ్గురివి దొరకలేదు. ఆ మూడు గడులను, యంత్రము నొప్పించి, ఖాళీగా నుంచితిమి. తెలియనిదానిని తెలియదని వ్రాయుటయు సత్యమే యని యపుడు నేర్చితిమి.

చదువరులారా! తప్పు మాదే. కాని యొక్క మాట. మాకు కావలసిన జ్ఞానము పుస్తకమున లేదా? ఉన్నది. మా బల్లమీదనే యున్నది. ఎక్కడనున్నదో తెలియక యున్నది. పందొమ్మిదవ శతాబ్దమున త్రవ్విన కర్నూలు కడప కాలువ సుంకేసుల యొద్ద తుంగభద్రలో బయలుదేఱి కడపవఱకు వచ్చును. కాలువ పటమున నీరు తుదివఱకు పాఱును. కాని చివరి మడి రైతు నడిగినచో పటమునకును పొలమునకును గల భేదమును చెప్పును. 31 వ యధ్యాయమున నుంచిన యుపదేశము చివరి మడికి వదలిన నీరు వంటిది. పైవారు త్రాగి మిగిల్చిననే యది చేరును.

ఇంతకు మా బండలమీది ముక్కల సంగతి. మా శిష్యుడు నకలు తీయు నధ్యాయమును 19 వ దానినిగా నుంచెను. మేము ముందుగా నా ముక్క నెత్తి మూడవ చోట పెట్టితిమి. వాడు నొచ్చుకొని, "పట్టికలు, అనుమతులు తెలియకుండా అది అర్థం కాదు అయ్యవారూ" అనెను. వానికి బాలిక కథను చెప్పితిమి. కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, "అయితే రెండుగా విడదీస్తాను. ముందు ఒక పుటలో 'ఈ నాలుగు మెట్లు ఎక్కండి' అని చెప్తాను. ఎందుకో వెనక చెప్తాను" అనెను. ఆ రాత్రికి మే మిరువురమును కలిసి కొన్ని నియమముల నేర్పఱచుకొంటిమి.

మొదటిది: చదువువా డచ్చటికి చేరువఱకు ఆగజాలని సంగతి యేదో అది ముందుండవలెను. మందుల పెట్టె యటుకమీద నుండరాదు. రెండవది: తక్కిన పనులను గుమాస్తాకు సంవత్సరమున వచ్చు వరుసలో నుంచవలెను. జూనులో ప్రవేశములు, పిమ్మట హాజరు, నడుమ పరీక్షల మార్కులు, వేసవిలో బదిలీ పత్రములు. ఏ నెలలో నే యధ్యాయమున నుండవలెనో గోడమీది కేలెండరే వానికి చెప్పును. మూడవది: అధ్యాయముల పేర్లు చదువరి కష్టమును తెలుపవలెను గాని రచయిత పాండిత్యమును కాదు. 'యంత్రము చెడినచో నేమి చేయవలెను?' 'పుట్టిన తేదీ తెలియనిచో గడిలో నేమి వ్రాయవలెను?' అనునవియే పేర్లు. నాల్గవది: ఆజ్ఞల కోశము అకారాదిగా వెనుక నుండవలెను; లోపలి నిర్మాణ మింకను వెనుక. ఐదవది: ఒకచోట నుండి మఱియొక చోటికి పోవలసినపుడు పుట సంఖ్యతో త్రోవ చూపవలెను, కౌముదిలో పాణిని సంఖ్యవలె. ఆఱవది: నకలు తీసితిమని తృప్తిపడక, మూడు నెలల కొకమాఱు నకలునుండి మరల నెక్కించి చూడుడని ఆ మొదటి పుటలోనే వ్రాయవలెను. ఎక్కించి చూడని నకలు, రుచి చూడక డబ్బాలో పెట్టి మఱచిన ఊరగాయ వంటిది. తెఱచిన దినమునగాని దాని సంగతి తెలియదు.

ఒక ముక్క మిగిలినది. దానిపై 'ఇతర విషయములు' అని యున్నది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమునకును తుద ప్రకీర్ణక పరిచ్ఛేదమున్నదని మేము వాని పక్షమున ననబోయితిమి. వాడే యొప్పుకొనలేదు. "సూరిగారికి చెల్లు అయ్యవారూ, నాకు చెల్లదు" అని యా ముక్కను చింపి, అందలి విషయములను తక్కిన యధ్యాయములకు పంచెను. ఆనాడు శిష్యుడు మాకు గురువయ్యెను.

ఇది కంప్యూటరువారి గొడవ, మా గృహములకేమి యని కొందఱు తలపవచ్చును. తెలియజెప్పక దాచుట యొక విధమైన యన్యాయమైనచో, తెలియజెప్పియు దొరకని చోట నుంచుట దాని తమ్ముడు. పూర్వము విద్యను కొన్ని కులములకే, పురుషులకే పరిమితము చేసి మన సంఘము చెడినది. ఇపుడు గ్రంథములు తలుపులు తెఱచుకొనియే యున్నవి; అయినను పరభాష యొక తాళముగను, తలక్రిందుల వరుస మఱియొక తాళముగను నిలిచి, పల్లెటూరి గుమాస్తాను వెలుపలనే నిలుపుచున్నవి. ఆ గుమాస్తా తప్పు వ్రాసినచో నష్టపడునది అతడు కాదు. పొలము పోవు రైతు, పింఛను రాని వితంతువు, చదువు మానవలసిన బాలిక. కావున తెలుగున శాస్త్రగ్రంథములు వ్రాయ బూనువారికి మా ప్రార్థన: మీ జ్ఞానము పుట్టిన వరుసను కాక, చదువరికి కష్టము వచ్చు వరుసను తలచి వ్రాయుడు. గృహస్థులకు మా ప్రార్థన: మీ బిడ్డల జనన ధ్రువపత్రమును తీసికొని, రెండు నకళ్లు వేర్వేఱు చోట్ల నుంచుడు, ఏ పెట్టెలో నున్నదో ఇంటి యాడువారికిని తెలియనిండు.

పుస్తక మింకను అచ్చు కాలేదు. మొన్న నా బాలిక బడినుండి వచ్చుచు మా యింట నాగి, బల్లమీదనున్న విషయసూచికను తీసి చదివి, "సార్, మూడో అధ్యాయం నాకు గూడా అర్థమయింది" అనెను. ఆ మాటను మా శిష్యునకు వ్రాసి పంపితిమి. వరుస సరియైనదని యంతకంటె నెక్కుడు ప్రమాణము మాకు కనబడలేదు.